గ్రిమ్స్‌బీ గారి మెత్తని తూటాలు

షెరీఫ్ పదవికి పోటీ చేస్తున్న లాయల్ గ్రిమ్స్‌బీ గారు జులై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవాన, అశేష ప్రజానీకం ఎదుట, తమ ఫార్టీఫోర్ మ్యాగ్నమ్ రివాల్వర్‌తో ఇనప పలకను ఒక్క దెబ్బకు పడగొట్టి వయోమింగ్ పౌరుషాన్ని నిలబెడతారని ప్రకటన వెలువడింది. పలక పడకపోతే పోటీ నుంచి తప్పుకుంటామని కూడా శపథం చేశారు. అంతటి మనిషి.

మర్నాడు ఆ మహానుభావుడు మా షెడ్డుకు వేంచేశారు. నుదుటి మీద కట్టు. వెంట ప్రచార సారథి టక్కర్.

"సాధన చేశాం పెద్దాయనా," అన్నాడు టక్కర్. "తుపాకీ ఎగిరి మొహాన తన్నింది."

"పెద్ద తుపాకీలు తంతాయి."

"తన్నని తూటాలు చేస్తారటగా మీరు?"

చేస్తాను. మా ఆవిడ నెల్డాకు మణికట్టు నొప్పి. ఆమె కోసమే తుపాకీమందు తగ్గించి తూటాలు నింపడం నేర్చుకున్నాను. ఆమె పోయింది. పనిముట్లు మిగిలాయి.

నేను నింపినది ఒకటి పెరట్లో కాల్చి, గ్రిమ్స్‌బీ గారు చెయ్యి విదిలించుకున్నారు. "ఇంకా తగ్గించవోయ్!"

"ఇంకా తగ్గిస్తే తూటా గొట్టంలోనే పడుకుంటుంది. ఇదైనా పలకకు తగులుతుంది గానీ పడగొట్టదు."

"పలక సంగతి పార్టీ చూసుకుంటుంది," అన్నాడు టక్కర్.

చూసుకుంది. పలక అడుగును ఆకురాయితో అరగదీసి, ఈగ వాలినా పడేట్టు నిలబెట్టింది. వయోమింగ్‌లో గాలి వీస్తుందన్న విషయం మాత్రం పార్టీ దృష్టికి రాలేదు.

జులై నాలుగు. మైదానం నిండా జనం. గ్రిమ్స్‌బీ గారు రివాల్వర్ ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. గాలి వీచింది. పలక ఠంగుమని పడింది. ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి రివాల్వర్ జారవిడిచారు.

టక్కర్ మైకు లాక్కున్నాడు.

"చూశారా! ఇంకా కాల్చనే లేదు!"

చప్పట్లు మిన్నంటాయి. నా పక్కన నిలబడ్డ ముసలావిడ కళ్లు తుడుచుకుంది. "ఇలాంటి మొనగాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు నాయనా!"

నేనూ చూడలేదు. ఇదే మైదానంలో నెల్డా ఆ మెత్తని తూటాలతోనే కాఫీ డబ్బాలను వరసగా ఎగరగొట్టేది. ఒక్కరూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

నవంబరులో గ్రిమ్స్‌బీ గారు భారీ మెజారిటీతో గెలిచారు.

ఆయన చేతిలో ఓడిన కోల్విన్ రీడ్, వచ్చే ఎన్నికలకు సిద్ధమవుతూ, నిన్న మా షెడ్డుకు వచ్చాడు. తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు పెద్దాయనా. వాడి తూటాలో ఎంత మందు పెట్టావు?"

"చిటికెడు."

"నా దాంట్లో అది కూడా వద్దు."