మెమరీ మీద వేలిముద్ర

"ఈ ఇంట్లో ఒక ఘోరం జరిగింది. దాన్ని ఛేదించగల మెదడు, మీ అదృష్టం బాగుండి, ఈ ఇంట్లోనే ఉంది," అన్నాడు డిటెక్టివ్ బావ, హాలు నడిమధ్యన నిలబడి.

"ఆ మెదడుని కాస్త పక్కకి జరగమనండి, ఊడవాలి," అంది భార్య.

మెదడు పక్కకి జరిగింది. మహామేధావులకి ఇంట్లో దక్కే మర్యాద ఇంతేనని అతనికి ఎప్పుడో తెలుసు. బల్బుల గోడౌన్‌లో సూపర్‌వైజరు ఉద్యోగం పొట్టకూటి కోసం. అతని ప్రాణమంతా అపరాధ పరిశోధనలోనే ఉంది. డిటెక్టివ్ బావ అన్న పేరు మరదలు వెక్కిరింతకి పెట్టింది, అతను బిరుదుగా పుచ్చుకున్నాడు. ఇంతవరకూ ఛేదించిన కేసు ఒక్కటే, గోడౌన్‌లో నిచ్చెన మాయమైన కేసు. పై అరల్లో ఎవరో దాచేశారని పూటంతా నిచ్చెనెక్కి వెతికి, కిందికి దిగి చూస్తే దొరికింది.

ఆలోచన వస్తే మీసం దువ్వుతాడు. దువ్వితే మెరవాలని పొద్దున్నే ఆ మీసానికి నూనె పట్టిస్తాడు. ఆలోచన రాకపోయినా దువ్వుతాడు కాబట్టి అతని వేళ్లు ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉంటాయి.

ఘోరం జరిగింది మరదలి లాప్‌టాప్‌కి. అక్కాబావల దగ్గరే ఉంటూ బొమ్మలు వేసుకునే పిల్ల ఆమె. పిల్లల పుస్తకాలు వేసే పెద్ద సంస్థ నుంచి ఎన్నాళ్లకో పిలుపు వచ్చింది. ఆ సాయంత్రం నాలుగింటికి వీడియోలో మాట్లాడాలి, వాళ్లు చూస్తుండగా లాప్‌టాప్ మీద బొమ్మ వేసి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. లేదంటే మళ్లీ దుకాణాల కరపత్రాల మీద సబ్బుబిళ్లలు గీసుకుంటూ కూర్చోవాల్సిందే.

పెద్ద బొమ్మలు తెరిస్తే లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని ఆదివారం కొత్త మెమరీ తెప్పించుకుంది. మెమరీ అంటే వేలెడంత నల్ల పలక, ఒక అంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉంటాయి. షాపులోనే బిగించుకు రమ్మని ఆమె ఎంత చెప్పినా బావ వినలేదు. పాతది తనే ఊడదీసి షాపులో మార్పిడికి ఇచ్చేశాడు. కొత్తది ఇస్తూ షాపాయన ఏవో జాగ్రత్తలు చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశాడు. ఇంటికొచ్చి ఆ బంగారు పళ్లని వేళ్లతో పట్టుకుని, వెలుతురుకెత్తి పరీక్షించి, మధ్యమధ్య మీసం దువ్వుకుంటూ దాన్ని లాప్‌టాప్ గాడిలో కూర్చోబెట్టాడు. చిన్న చప్పుడైనా రాలేదని, అదీ పనితనమని ఆ పూటంతా చెప్పుకున్నాడు.

ఆనాటి నుంచీ ఏ బొమ్మ తెరిచినా లాప్‌టాప్ తెర నీలంగా మారిపోతోంది, ఆరిపోతోంది, మళ్లీ మొదటికి వస్తోంది. ఇవాళ చూద్దామంటే షాపుకి సెలవు.

"మెమరీ పెట్టాకే కదా బావా ఇలా అవుతోంది. ఒకసారి తీసి సరిగ్గా పెట్టి చూడకూడదా?" అని మరదలు మెల్లిగా అడిగింది.

"నేరస్థుడు మనల్ని సరిగ్గా అలాగే అనుకోమంటాడు అమ్మాయ్," అన్నాడు బావ, కిటికీలోంచి శూన్యంలోకి చూస్తూ. కిటికీకి ఎదురుగా శూన్యం లేదు, పక్కింటి వాళ్ల నీళ్ల ట్యాంకు ఉంది.

అతని లెక్క ప్రకారం తను బిగించిన వస్తువు చెడిపోవడం అసంభవం. కాబట్టి ఆ తర్వాత ఎవరో చెయ్యి పెట్టారు. ఆ ఆదివారమే పై వాటా వయొలిన్ మాస్టారు స్క్రూడ్రైవరు అడగడానికి వచ్చాడు. ఆయన్ని కాస్త మెల్లిగా వాయించుకోమని అంతకుముందే మరదలు వేడుకుని ఉంది. పగ ఉంది, పనిముట్టు ఉంది, అవకాశం ఉంది. ఇక కావలసింది సాక్ష్యం ఒక్కటే.

లాప్‌టాప్ ఆపేసి, వెనక మూత విప్పి, మెమరీని బయటికి లాగాడు. భార్య మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి దాని మీద ధారాళంగా చల్లి, ఉఫ్ అని ఊదాడు. సగం పౌడరు అతని కళ్లలోకే వచ్చింది. మిగతా సగం నల్ల పలకకి అంటుకుంది. తుడుచుకుని భూతద్దంలో చూశాడు. అక్కడ, వెన్నలో దిగినంత స్పష్టంగా, ఒక బొటనవేలి ముద్ర. దానికి అడ్డంగా ఒక గాటు.

"దొరికాడు. నేరస్థుడి బొటనవేలి మీద అడ్డంగా కోసుకున్న మచ్చ ఉంటుంది," అని ప్రకటించాడు.

ఊడుస్తున్న భార్య చీపురు ఆపి, అతని వంక ఒక్కసారి చూసి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

తనిఖీ మొదలైంది. మరదలి వేళ్లకి రంగులున్నాయి గానీ మచ్చ లేదు. భార్య అడక్కముందే రెండు బొటనవేళ్లూ అతని ముక్కు దగ్గర పెట్టింది, అక్కడా లేదు. ఇక మిగిలింది మాస్టారు. మంచినీళ్లకని ఆయన్ని కిందికి పిలిచి, గ్లాసు అందుకునేటప్పుడు బావ ఆయన చెయ్యి గుంజి పట్టుకున్నాడు. మాస్టారు తనకేదో జాతకం చెబుతున్నారనుకుని, పెళ్లి యోగం ఎప్పుడుందో కూడా చూడమన్నాడు. పది వేళ్లలో ఒక్క గాటు లేదు. పెళ్లి యోగం సంగతి తర్వాత చెబుతానని బావ ఆయన్ని పంపించేశాడు.

గడియారం మూడు దాటింది. మరదలు మూత విప్పిన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

"నాకు దొంగ అక్కర్లేదు బావా. బొమ్మ వేసుకునే అవకాశం ఒక్కటి చాలు. ఇన్నాళ్లకి ఒక్కసారి పిలిచారు నన్ను."

భార్య వచ్చి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, మాస్టారి పెద్ద తెర ఫోన్లోనైనా మాట్లాడేందుకు వీలవుతుందేమో అడుగుదాం రమ్మని మేడ మీదికి తీసుకెళ్లింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి భర్తని మరోసారి చూసింది. ఆ చూపు ఏమిటో అతనికి అర్థం కాలేదు.

ఒంటరిగా మిగిలిన డిటెక్టివ్ అద్దం ముందుకి వెళ్లి మీసం దువ్వాడు. అద్దంలో బొటనవేలు పైకి లేచింది. దాని మీద అడ్డంగా ఒక గాటు ఉంది. గోడౌన్‌లో బల్బు పగిలి కోసుకున్న గాటు.

భూతద్దం తెచ్చి పోల్చి చూశాడు. తలకిందులుగా పెట్టీ చూశాడు. ఎటు తిప్పినా నేరస్థుడు ఒక్కడే. నలుగురి ముందూ పరువు పోతుందన్న భయం కన్నా, ఆ పిల్ల ఏడుపుకి కారణం తనేనన్న సిగ్గు ఎక్కువగా కాల్చింది. అయినా అలవాటైన బుర్ర కదా, అది దారితప్పిన చోటికే మళ్లీ పరిగెత్తింది. ఒప్పుకోవడానికి బదులు సాక్ష్యం మాయం చేద్దామనుకుంది.

బొమ్మల బల్ల మీద మరదలి రబ్బరు కనిపించింది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు. అందుకుని మెమరీని రుద్దడం మొదలుపెట్టాడు. నల్ల పలక మీది ముద్ర పోయింది. బంగారు పళ్ల మీద కూడా నూనె మరకలూ పౌడరూ కలిసి మరో ముద్ర తేలి ఉంటే, దాన్నీ వదల్లేదు. పళ్లు తళతళలాడేదాకా అటూ ఇటూ రుద్ది, పొడి ఊదేశాడు. పొడి తిన్నగా మీసంలోకి చేరింది. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. కంగారులో మెమరీని గాడిలోకి దూర్చి, అరచేత్తో బలమంతా పెట్టి నొక్కేశాడు.

టక్కుమంది. ఆదివారం వినపడని చప్పుడు అది.

విరిగిపోయిందనుకున్నాడు. మూత వేసి, మీట నొక్కాడు. ఫోన్ సంగతి కుదరక మొహం వేలాడేసుకుని వచ్చిన మరదలికి వెలుగుతున్న తెర కనిపించింది. నమ్మకం లేకుండానే తన బొమ్మల్లో అన్నిటికన్నా పెద్దది, ఏనుగులన్నీ వానలో తడుస్తున్నది, తెరిచింది. ఏనుగులు వచ్చాయి. తెర నీలంగా మారలేదు. ఇంకొకటి తెరిచింది. అదీ వచ్చింది.

నాలుగింటికి తలుపు వేసుకుంది. బయట బావ ఊపిరి పీల్చడం కూడా చప్పుడవుతుందేమోనన్నట్టు నిలబడ్డాడు. తలుపు తెరుచుకున్నప్పుడు మరదలు మళ్లీ ఏడుస్తోంది గానీ, నవ్వుతూ ఏడుస్తోంది. ఎల్లుండి నుంచే పనిలో చేరమన్నారట.

"ఎలా బాగుచేశావు బావా? ఇంతకీ ఎవరు వాడు?"

"తప్పించుకున్నాడు," అన్నాడు బావ గొంతు సవరించుకుని. "మనసు మంచిదే పాపం. ఇంక మన లాప్‌టాప్ జోలికి రాడు, నాదీ పూచీ."

మరదలు మాస్టారికి మిఠాయి ఇచ్చి వస్తానని మేడ మీదికి పరిగెత్తింది. బావ మిఠాయి డబ్బాలో చెయ్యి పెట్టబోతే, భార్య డబ్బా వెనక్కి లాగి ఒక సబ్బుబిళ్ల చేతిలో పెట్టింది.

"మీసంలో రబ్బరు పొడి ఉంది, దులుపుకోండి. చేతులు శుభ్రంగా కడుక్కుని రండి. నేరస్థుడికైనా మిఠాయి పెడతాను గానీ, నూనె చేతులకి మాత్రం పెట్టను."

డిటెక్టివ్ బావ నోరు వెళ్లబెట్టాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు మచ్చ గురించి చెప్పినప్పుడే. ఆ వేలికి కట్టు కట్టింది నేను కాదూ?" అని ఆమె అతనికి పంపు వైపు దారి చూపించింది.