డిక్కీలో కొత్త పెళ్లికూతురు

ఆ శుక్రవారం ఉదయం ఖాదర్ బాషా అనుకున్న పని చాలా చిన్నది. కారు డిక్కీలోకి నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టి, ఆ చోటు బిగించి, కొత్త భార్య మెహబూబున్నీసాను పక్కన కూర్చోబెట్టుకుని కావలి నుంచి అల్లూరుకు, అత్తగారింటి విందుకు వెళ్లాలి.

కాలేజీలో పాఠాలు చెప్పే బాషాకు ఆ కారంటే ప్రాణం. మద్రాసులో ఒక దొర దేశం విడిచి వెళ్తూ అమ్మిన ఎర్రటి పందెం కారు అది. సీట్లు రెండే. డిక్కీ మూత మీద బాతు తోకలా పైకి లేచిన రేకు ఒకటి ఉంది. మంచి వేగంలో కారు వెనక భాగం గాలికి లేవకుండా అది అదిమిపెడుతుందట. కావలి బజారులో ఎద్దుబండ్ల వెనక ఆ అవసరం ఇంకా రాలేదు గానీ, చూడటానికి మాత్రం తోక మహా అందంగా ఉండేది.

వానొస్తే ఆ తోక బోల్టుల పక్కనుంచి నీళ్లు డిక్కీలోకి దిగేవి. పోయిన వారం మెహబూబున్నీసా పెళ్లి చీరలు అలాగే తడిసిపోయాయి. ఆమె తండ్రి ఇమామ్ సాహెబ్ కబురు పంపాడు. "శుక్రవారం నేనే వస్తా. అప్పటికీ చుక్క దిగిందంటే నా బిడ్డను బస్సులో తీసుకుపోతా. నువ్వు ఆ బండిని అమ్మెయ్యాల."

"నేను లోపల పడుకుంటా. మీరు పైన నీళ్లు పోయండి. ఏ బోల్టు దగ్గర దిగతా ఉందో చూసి లోపలినించే బిగిస్తా," అంది మెహబూబున్నీసా.

ఇంత తెలివైన భార్య దొరికినందుకు బాషా మురిసిపోయాడు. ఆమె టార్చిలైటు, స్పానరు పట్టుకుని డిక్కీలో ముడుచుకుని పడుకుంది. అతను మూత వేసి, పైనుంచి రెండు బిందెల నీళ్లు పోశాడు.

"దొరికిందండీ. ఎడమవైపుది. బోల్టు సన్నం, చిల్లు లావు. నీళ్లతోపాటు సన్నగా వెలుతురు కూడా దిగతా ఉంది, ఎంత బాగుందో."

"శభాష్. ఇంక బయటికి రా. తాళంచెవి ఏదీ?"

లోపల తాళాలు గలగలలాడాయి. "నా కొంగునే ఉందండీ."

పెళ్లయిన మర్నాడే ఇంటి తాళాలతోపాటు కారు తాళాలు కూడా అతనే మురిపెంగా ఆమె కొంగున కట్టాడు. తాళంచెవి లేనిదే ఆ మూత తెరుచుకోదు.

పక్కింటి పెంచలమ్మ పాలచెంబుతో వచ్చేసరికి బాషా డిక్కీకి ముఖం ఆనించి, ఊపిరి ఆడుతోందా అని అడుగుతున్నాడు.

"ఏంది సారూ, పిల్లను అందులో ఎందుకేసినావు?"

"నేను వెయ్యలా పెంచలమ్మా. తనే పడుకునింది."

"మరి నీళ్లెందుకు పోసినావు?"

"దిగతాయో లేదోనని."

పెంచలమ్మ చెంబు అక్కడే పెట్టి వీధిలోకి పరిగెత్తింది. బస్సు దిగి వస్తున్న ఇమామ్ సాహెబ్ ఎదురుపడ్డాడు. "మీ అల్లుడు పిల్లను డిక్కీలో పెట్టి నీళ్లు పోస్తా ఉండాడు," అని చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆయన వెంట వీధి వీధంతా వచ్చింది. ఒకాయన గడ్డపార కూడా తెచ్చాడు.

"పగలగొట్టండి. బండి పోతే పోనీ," అన్నాడు ఇమామ్ సాహెబ్.

బాషా తల వంచుకుని పక్కకు జరిగాడు. గడ్డపార మూత సందులో ఆనింది.

"ఆగు నాయనా," అని తోకలోంచి మాట వచ్చింది. "ఆ గడ్డపార తీసెయ్యమను. ఏమండీ, ఎడమ బోల్టు పట్టుకుని పైకి లాగండి. నట్టు విప్పేసినా."

బాషా లాగాడు. బోల్టు ఊడి చేతికొచ్చింది. ఆ చిల్లులోంచి తాళంచెవి మెల్లగా పైకి లేచింది. గడ్డపార ఆయన కూడా నోరు తెరిచి చూశాడు.

మూత తెరవగానే, తడిసిన చీరతో, ముక్కు మీద గ్రీజు మరకతో మెహబూబున్నీసా లేచి కూర్చుంది. "లోపల చల్లగా భలే ఉండింది నాయనా. ఇంక ఆ చిల్లుకు రబ్బరు వేసి బిగిస్తే చుక్క దిగదు."

"ముట్టుకోబాక," అన్నాడు ఇమామ్ సాహెబ్. "ఆ చిల్లు లేకుంటే నా బిడ్డ ఏమైపోయేది? చీరలదేముంది, ఆరేస్తే ఆరతాయి."

"మరి బండి అమ్మమన్నారు గదా మామా," అన్నాడు బాషా.

"ఎవరన్నారు?" ఇమామ్ సాహెబ్ తోకను అరచేత్తో నిమిరాడు. "అల్లూరు దాకా ముందు నేను ఎక్కి చూస్తా. నాకు నమ్మకం కుదిరినాకే బిడ్డను ఎక్కించేది."

సీట్లు రెండే కావడంతో, మెహబూబున్నీసా పెంచలమ్మను తోడు తీసుకుని బస్సెక్కింది. ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది.