మంత్రిగారి రక్తం

నా ఒంట్లో పారేది ఆరోగ్యశాఖ మంత్రిగారి రక్తం. ఇందులో వివాదం లేదు. ఉత్తర్వు వచ్చింది, పేపర్లో పడింది.

కిందటేడు ఎర్రజ్వరం మా ఇంటికొచ్చింది. నేను లేచాను. మా ఆవిడ లేవలేదు. నెల తిరక్కుండా పరిశోధనశాల నుంచి సైంటిస్టమ్మ వచ్చి నా రక్తం పరీక్షకు తీసుకుంది.

"బాబాయ్, మీ రక్తంలో యాంటీబాడీలు కుప్పలుగా ఉన్నాయి."

"అంటే?"

"ఒంట్లో జొరబడ్డ క్రిమిని గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే పట్టుకునేవి. మీవి ఓ పట్టాన మరిచిపోయే రకం కాదు."

ఆ ముక్క మా ఆవిడ నలభై ఏళ్ళు చెప్పింది. పరీక్ష చెయ్యకుండానే.

నా రక్తం నుంచి మందు తీస్తే జ్వరాల వార్డులో వాళ్ళు బతుకుతారట. సరేనని రక్తం ఇవ్వడానికి పరిశోధనశాలకు వెళ్ళాను.

అంతలో మంత్రిగారూ అక్కడికి విచ్చేశారు. "జ్వరపీడితుల మధ్య తిరిగి తిరిగి నా రక్తమే మందైపోయింది!" అని మైకులో ప్రకటించి, కెమెరాల ముందు చెయ్యి చాపారు. సూది గుచ్చినప్పుడు ఒక్క కన్నే మూసుకున్నారు. అంతటి ధీరుడు.

మా ఇద్దరి రక్తం గొట్టాలూ పక్కపక్కనే పరీక్షకు వెళ్ళాయి. ఫలితం కోసం మంత్రిగారి పి.ఏ. అక్కడే నిలబడ్డాడు.

"సార్‌వి ఎన్ని?"

"లేవండి," అంది సైంటిస్టమ్మ.

"తక్కువా?"

"అసలే లేవు. సార్‌కి ఆ జ్వరం ఎప్పుడూ రాలేదు."

"మరి ఈ రెండో గొట్టం?"

"దీన్నిండా ఉన్నాయి. ఈ బాబాయివి."

పి.ఏ. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏం చేస్తుంటారు?"

"సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి. మానేశాను."

"మరి ఈయనకెందుకమ్మా ఇన్ని?"

పన్నెండేళ్ళ పరిశోధనలో ఆమెకు ఈ కోణం తట్టలేదు.

డైరెక్టరుగారికి తట్టింది. స్వయంగా వచ్చి, రెండు లేబుళ్ళూ గోటితో ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు అంటించారు. చదువుకున్న చేతులు. ఒక్క మడత పడలేదు.

మర్నాడు సైంటిస్టమ్మ తలొంచుకుని వచ్చింది. "బాబాయ్, మందుకి రిజిస్టర్లో ఉన్న దాత రక్తమే తియ్యాలి. మీ పేరు దగ్గర ఏమీ లేదని రాసేశారు. మీరు సార్ పేరున సంతకం పెడితే..."

"వార్డులో ఎంతమందున్నారు?"

"తొమ్మిదిమంది."

పెట్టాను. మా పల్లె బడి మాస్టారు బెత్తం పట్టుకుని దిద్దించిన దస్తూరి. మంత్రిగారి సొంత సంతకం కంటే బాగుంది. తొమ్మిదిమందీ ఇళ్ళకెళ్ళారు. మంత్రిగారికి 'రక్తబంధు' బిరుదొచ్చింది. అలా ఐదు నెలలు, నెలకోసారి, ఆయన ఫోటో కింద పడుకుని ఆయన రక్తం ఇచ్చాను.

ఆరో నెలలో మంత్రిగారికి ఎర్రజ్వరం వచ్చింది. అన్ని యాంటీబాడీలున్న మనిషికి రావడం ఉత్తర్వుకు విరుద్ధం గనక డాక్టర్లు మూడు రోజులు జలుబనే రాశారు. నాలుగో రోజు నా కోసం కారొచ్చింది.

"ఇవ్వను," అన్నాను.

"రోగి ఎవరని చూడకండి బాబాయ్," అంది సైంటిస్టమ్మ.

ఇచ్చాను.

మంత్రిగారు లేచి కూర్చుని పత్రికలవాళ్ళను పిలిపించారు. "నన్ను నా రక్తమే కాపాడింది. నేనెవరికీ రుణపడి లేను!" చప్పట్లు మోగాయి. ఆ ఉత్సాహంలోనే మంత్రివర్గం తీర్మానం చేసింది: ఇంత విలువైన రక్తం జాతి సంపద, ఇకపై అందులో ఒక్క చుక్క తీసినా జైలు.

తీర్మానమైన మర్నాడే నేను వెళ్ళాను. సూదులన్నీ బీరువాలో పెట్టి సీలు వేశారు. ముందు తుపాకీతో కాపలావాడు.

"బీరువా తియ్యరా నాయనా, ఈ రక్తం నాది," అన్నాను.

"తప్పు పెద్దాయనా. మంత్రిగారిదాన్ని మీదంటే కేసవుతుంది."

సైంటిస్టమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. వార్డులో ఏడుగురున్నారు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, ఆఫీసు మూసేదాకా బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. అప్పటికి ఆరుగురు.

తర్వాత ఎంతమందని నన్నెవరూ అడగొద్దు. ఈ సంగతి ఇంక నా నోట రాదు.