ఇసుకదిబ్బ మీద డయాలసిస్ కుర్చీ

ఆస్ట్రేలియా ఎడారి ఆదివాసీ మహిళల స్నేహాన్నీ కష్టాలనూ నాట్యంలో చూపిన చలనచిత్రం ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో తొలిసారి ప్రదర్శించబడిందనీ, సభికులందరూ క్రమశిక్షణతో కన్నీరు పెట్టారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

చిత్ర నాయికలు నోరీన్, ఐవీ. ఒకే మంట చుట్టూ పెరిగిన ఆడవాళ్ళు. ఐవీకి మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పనిసరైంది. ఆ మెషీను పట్టణంలో ఉంది, ఊరు ఐదువందల కిలోమీటర్ల అవతల ఉంది. కాబట్టి ఆరేళ్ళుగా ఐవీ పట్టణంలోనూ, నోరీన్ ఊళ్ళోనూ ఉండి స్నేహం చేస్తున్నారు. ఊరి క్లినిక్కుకు ఒక మెషీను, ఒక కుర్చీ ఇప్పించమని నోరీన్ అర్జీలు పెడుతూనే ఉంది. ఇసుకదారిలో అంత సున్నితమైన సరుకు రాదని ప్రభుత్వం ఎంతో నొచ్చుకుంటూ జవాబిస్తూనే ఉంది.

సినిమాకు మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది. మెషీనూ కుర్చీ రెండూ అసలువే. దర్శకురాలు ఫెలిసిటీకి నకిలీ అంటే గిట్టదు. వాటిని ఎర్రటి ఇసుకదిబ్బ మీద పెట్టి, ఐవీని ఒక్క పూటకు చిన్న విమానంలో తెచ్చి కూర్చోబెట్టారు. నోరీన్ చుట్టూ తిరిగి ఆడింది. మెషీనుకు కరెంటు ఇవ్వలేదు. కథకు అవసరం లేకపోయింది.

"ఐవీ ఆంటీ, నవ్వకండి. వేదన కావాలి," అంది ఫెలిసిటీ.

"ముల్లు గుచ్చుకున్న ఈమూ పిట్టలా అది ఎగురుతుంటే వేదన ఎక్కణ్ణించి తెచ్చేదమ్మా?"

"నీ మొహం! కూర్చున్నదానివి నీకేం తెలుసు నా మోకాళ్ళ సంగతి?" అంది నోరీన్.

నవ్వులన్నీ కత్తిరించారు. నేల మీద సహజంగా కూర్చోవడం ఎలాగో ఇద్దరికీ నేర్పడానికి మెల్‌బోర్న్ నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు.

ప్రదర్శన నాడు ఐదుగురు వక్తలు ఈ నేల అసలు యజమానులైన ఆదివాసులకు వరసగా ప్రణామాలు చేశారు. అసలు యజమానులకు చివరి వరసలో చోటు దొరికింది. ఈ చిత్రంలో మరణించినవారి రూపాలు ఉండవచ్చునని, ఆదివాసుల సినిమాలకు ఆనవాయితీగా వేసే హెచ్చరిక తెర మీద పడింది.

"ఒసే, నేనింకా ఉన్నానని వాళ్ళకి చెప్పు," అంది ఐవీ.

"ముందుచూపు గలవాళ్ళులేవే."

సినిమా అయ్యాక నోరీన్ చేతికి మైకిచ్చారు.

"ఆ కుర్చీ, మెషీను మళ్ళీ మా ఊరికి పంపండి. మా ఐవీని ఇంటికి తీసుకుపోతాను. అంతే."

హాలంతా చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది. ఇంత నిరాడంబరమైన ముగింపును ఈమధ్య చూడలేదని ఒక విమర్శకుడు రాసుకున్నాడు. కుర్చీ, మెషీను ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయనీ, వాటిని ముట్టుకోకూడదనీ ఫెలిసిటీ మెల్లగా చెప్పింది.

ఆరోగ్యశాఖ పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వేదిక ఎక్కాడు.

"ఈ తల్లి ఆవేదన మా శాఖ గుండెను తాకింది. ఈ చిత్రాన్ని వారి ఊళ్ళో ఉచితంగా ప్రదర్శిస్తామని సగర్వంగా ప్రకటిస్తున్నాను. ఐవీ గారు తెర మీదనైనా ఇల్లు చేరతారు!"

నోరీన్ వచ్చి ఐవీ పక్కన కూలబడింది. ముందు వరసలవాళ్ళంతా వెనక్కి తిరిగి, తడి కళ్ళతో వాళ్ళిద్దరినే చూస్తూ చప్పట్లు కొడుతున్నారు. నోరీన్ గడ్డం వణికింది.

ఐవీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడవకే. ఏడిచావంటే మళ్ళీ లేచి నిలబడతారు."