రెండో కన్ను వచ్చే టర్మ్‌లో

దేశంలో ఉన్న డాక్టర్లందరూ రేపు పొద్దున్నే ఆసుపత్రులకు తాళాలు వేసి రాజకీయాల్లోకి వచ్చేయాలి! ఆవేశంలో అంటున్న మాట కాదు. మా వీధి కంటి డాక్టరుగారు జాతీయ నాయకుడయ్యాక దేశం ఎలా వెలిగిపోతోందో దగ్గరుండి చూసి అంటున్నాను.

ఆయన చెయ్యి మంచిది. శుక్లం తీస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. మా అక్క టైలరు. రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చి, సూదిలోకి దారం ఎక్కక కూలబడితే, ఎడమ కన్ను ఇరవై నిమిషాల్లో బాగుచేసి, "కుడిది వచ్చే నెల చేద్దాం అక్కయ్యగారూ" అన్నారు. ఆ వచ్చే నెల రాకముందే పార్టీ టికెట్ వచ్చింది. ఇది జరిగి ఆరేళ్ళు.

తప్పు పట్టకండి. దేశం పెద్దదా, మా అక్క కుడి కన్ను పెద్దదా?

ఆయన మేధస్సు చూడండి. ఊరూరా ఉచిత కంటి శిబిరాలు పెట్టించి మనిషికి ఒక్క కన్నే చేయించారు. రెండూ ఒకరికే చేస్తే ఒక్క ఓటు. ఇద్దరికి చెరొకటి చేస్తే రెండు ఓట్లు! పైగా రెండో కంటి మీద ఆశతో మనిషి ఎటూ పోడు. ఏ ప్రొఫెసరుకైనా తట్టిందా ఇది? పాత నాయకులు ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టేవారు. ఈయన సున్నం జోలికే పోలేదు. వాయిదా వేశారంతే.

దేశానికీ అదే వైద్యం. వంతెన నదిలో సగం దాకా వచ్చింది, మిగతాది వచ్చే టర్మ్‌లో. బడికి గోడలు లేచాయి, పైకప్పు వచ్చే టర్మ్‌లో. టీవీలో ఒక విలేకరి నిలదీస్తే చిరునవ్వు నవ్వి, "ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు మసగ్గానే ఉంటుంది. కళ్ళు నలపకండి" అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, చెప్పేది డాక్టరైతే ఎవడు ఎదురాడతాడు? హాలంతా చప్పట్లే.

క్లినిక్ సంగతంటారా? బోర్డు అలాగే ఉంది. కళ్ళు పరీక్షించే కుర్చీలో జెండాల కట్టలున్నాయి. అక్షరాల చార్టు తీసేసి ఆయన నిలువెత్తు ఫొటో పెట్టారు. ఎంత చూపు మందగించినవాడికైనా అది కనిపిస్తుంది. రోగుల సౌకర్యం కోసమే సుమా!

మా అక్కే మొండిది. గుడ్డతోపాటు వేలు కూడా కుట్టేసుకుంటోంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామే అంటే, "సగం కుట్టిన బట్ట ఇంకో టైలరు ముట్టుకుంటాడుట్రా? మొదలుపెట్టినాయనే పూర్తి చెయ్యాలి" అంటుంది. మొన్న ఆయన మా ఊరొస్తే, కుడి కంటికి అప్పట్లో ఆయన రాసిచ్చిన పాత చీటీ పట్టుకుని వేదిక దగ్గర వరుసలో నిలబడింది. వెనకాల నేను.

దండల బరువుతో ఆయన కిందికి వంగారు. అలవాటు కొద్దీ బొటనవేలితో అక్క కుడి రెప్ప ఎత్తి, ఫోను లైటు వేసి చూశారు. మొహంలో నవ్వు పోయింది. ఆ ఒక్క క్షణం ఆయన మా డాక్టరే.

"బాగా ముదిరిపోయిందమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోతుంది. వెంటనే ఎవరైనా మంచి డాక్టరుకి చూపించుకోండి."

అక్క చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

"మా వీధిలోనే ఒకాయన ఉండేవారు బాబూ. చెయ్యి చాలా మంచిది. ఏమైపోయారో!"