తెయ్యామ్మ కొన్న నల్ల పడవ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. అంత దూరంలో కూర్చుంటే సగం కథ కాలవలో పడుతుంది. మా కాలవకు వంతెన లేని రోజుల సంగతి ఇది. అప్పట్లో ఉప్పు కొనాలన్నా, చర్చికి పోవాలన్నా, చుట్టాలతో తగువాడాలన్నా పడవెక్కాల్సిందే.

ఈ గట్టున తెయ్యామ్మ ఇల్లు, ఎదురుగట్టున ఆమె తోటికోడలు ఏలీకుట్టి ఇల్లు. తెయ్యామ్మ భర్త ఔసేపు, ఏలీకుట్టి భర్త మత్తాయి సొంత అన్నదమ్ములు. ఇద్దరూ నోరు తెరిచేది తక్కువ, ఆ పని చూసుకునేవాళ్ళు ఇంట్లో ఉన్నారు కనక.

ఏలీకుట్టికి పెద్ద పచ్చ పడవ ఉండేది, ముక్కుమీద ఇత్తడి నక్షత్రంతో. చర్చి పండుగనాడు గుర్రమెక్కిన గీవర్గీసు పునీతుడి విగ్రహాన్ని పడవలో ఊరేగిస్తారు. గట్టి పడవ ఎవరిదైతే వాళ్ళకే ఆ భాగ్యం. ఏటా ఆ పచ్చ పడవకే దక్కేది. విగ్రహం పక్కన పట్టుగొడుగు పట్టుకుని కూర్చున్న ఏలీకుట్టి, తోటికోడలి రేవు ముందుకు రాగానే తెడ్లు నెమ్మదిగా వేయించేది. గట్టుమీద నిలబడి తెయ్యామ్మ దండం పెట్టేది. దండం పునీతుడికే పోయేది కాని, చూపు మాత్రం గొడుగు దగ్గర ఆగిపోయేది. ఆ రోజు ఆమె వండిన బాతుకూర ఇంట్లో ఎవరికీ సహించేది కాదు, అంత కారం పడేది.

ఆ యేడు పండుగ ఇంకా పది రోజులుందనగా, తెయ్యామ్మ పొద్దున్నే ఆవిరిమీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టు తిని, బాతుగుడ్లు అమ్మి ఉప్పు తెచ్చుకుందామని ఔసేపుతో పాత పడవలో సంతకు బయలుదేరింది. ఆమె అనుకున్నది అంతే. దారిలో పాప్పి రేవు వచ్చింది. పాప్పి పాత పడవలు కొని అమ్మే మనిషి. అతని రేవులో నిగనిగలాడే నల్ల పడవ ఒకటి ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చుని ఏలీకుట్టి పడవ అంచును నిమురుతోంది. నిమిరి నిమిరి, పైబట్టతో కళ్ళు తుడుచుకుంది.

"ఆపు, తెడ్డు ఆపు! చూశావా మీ వదినని? ఉన్న పడవ చాలక ఇంకోదానికోసం ఏడుస్తోంది!"

"కంట్లో నలుసు పడిందేమోనే."

"నలుసు పడితే కన్ను నిమురుకోవాలి గాని పడవనెందుకయ్యా నిమరడం?"

ఏలీకుట్టి వెళ్ళేదాకా తుంగ వెనక దాక్కుని, ఆ తర్వాత రేవుకు వచ్చారు.

"రా తెయ్యామ్మక్కా, పడవకోసమేనా?" అన్నాడు పాప్పి.

"అబ్బే, ఉప్పుకోసం. ఇందాక మా అక్క వచ్చినట్టుందే, దేనికి?"

పాప్పి అబద్ధం చెప్పే మనిషి కాదు. అతని నిజాలు సగందాకా వచ్చి ఆగిపోతాయి, అంతే. "రోజూ వస్తోందక్కా. ఈ పడవని వదల్లేకపోతోంది పాపం!"

ఇంకేం కావాలి తెయ్యామ్మకు?

ఔసేపు పడవ చుట్టూ తిరిగాడు. "చేపనూనె ఇంత మందంగా పూశావేం పాప్పీ? కింద చెక్క ఉందో లేదో తెలీడం లేదు."

"మంచి పడవకే కదా బాబూ, మంచి నూనె."

"అడుగున చాప పరిచి దానిమీద కొబ్బరిడొక్కలు నింపావు. తీసి చూపించు."

"ఎంత బరువు మోస్తుందో తెలియాలనే నింపాను. తీస్తే ఎలా తెలుస్తుంది?"

"నీళ్ళు తోడే చిప్ప అద్దంలా అరిగిపోయిందే!"

"చిప్పని అంత శుభ్రంగా ఉంచుకున్నవాడు పడవని ఇంకెంత బాగా చూసుకుని ఉంటాడు!"

"ముక్కుమీద ఈ చిల్లులేమిటి? మైనంతో పూడ్చావేం?"

"దిష్టికి ఏదో కట్టి ఉంటారు. ఎంతమంది కళ్ళు పడ్డాయో దీనిమీద!"

"విన్నావా?" అంది తెయ్యామ్మ.

"విన్నాను గాని, ఈ పడవని ఎక్కడో చూశానే..."

"నీళ్ళమీద చూసుంటావు. పడవలు అక్కడే ఉంటాయి. ఇక నోరు మూసుకో."

చెవి కమ్మలు తీసిచ్చి, పైన తన పాత పడవ కూడా పాప్పికే వదిలేసి, తెయ్యామ్మ నల్ల పడవెక్కింది. పాత పడవలో వెనక పలక కింద చిల్లి ఉందనీ, అందులో తాను గుడ్డ కుక్కి మైనం మెత్తిందనీ చెప్పలేదు. పాప్పి అడగలేదు కదా! ఉప్పు సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఇంటి రేవుకు వచ్చి ఇంకా తాడు కట్టకముందే ఎదురుగట్టునుంచి ఏలీకుట్టి కుక్క కైసర్ ఈదుకుంటూ వచ్చింది. నల్ల పడవలోకి దూకి, ఒళ్ళు దులుపుకుని, వెనక బల్ల కింద తోక ముక్కుమీద వేసుకుని పడుకుంది. తెయ్యామ్మ తెడ్డు చూపించి అదిలిస్తే లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే పడుకుంది.

"చూశావా, కుక్కకి కూడా ఓర్వలేనితనం నేర్పింది!"

"ఎక్కడ పడుకోవాలో దానికి ముందే తెలిసినట్టుందే," అన్నాడు ఔసేపు.

"అయితే కుక్కనే సలహా అడుగు పో."

అవతలి గట్టునుంచి ఏలీకుట్టి కేకేసింది. "పడవ కొన్నావటే తెయ్యా?"

"కొన్నానక్కా. మీ పచ్చ పడవ రేవులో కనిపించదేం?"

"వడ్రంగి దగ్గరుంది. రంగు వేయిస్తున్నా."

"వేయించు, వేయించు. ఈసారి పండుగకి దానికెలాగూ పనుండదు."

ఏలీకుట్టి కైసర్‌ను చూసింది, పడవను చూసింది, గబగబా ఇంట్లోకి పోయి తలుపేసుకుని నవ్వింది. అడుగు పుచ్చి కూర్చుంటే ఊరికి తెలియకముందే ఆ పచ్చ పడవను పాప్పికి అమ్మేసింది ఆవిడే మరి! నక్షత్రం ఊడబీకి, నలుపు పూసి, పాప్పి దాన్ని కాలవ దాటించాడు, అంతే.

ఆ నవ్వు ఆదివారందాకానే నిలిచింది. ఆ రోజు పూజ అవగానే ఫాదరుగారు, "ఈసారి పునీతుడు తెయ్యామ్మ కొత్త పడవలో వేంచేస్తారు," అని ప్రకటించారు. ఏలీకుట్టికి గొంతులో చేపముల్లు దిగినట్టయింది. అది పుచ్చిన పడవ అని చెబుదామా అంటే, నీకెలా తెలుసు అంటారు. చెప్పకపోతే తన పడవలోనే తోటికోడలు గొడుగు పట్టుకుని ఊరేగుతుంది. ఆ రాత్రి ఆవిడకు కునుకు లేదు. తెల్లవారగానే మత్తాయిని లాక్కుని పాప్పి దగ్గరికి పరుగెత్తి, పసుపు రంగు మెరుస్తున్న పడవ ఒకటి కొనేసింది. అదే చాప, అవే కొబ్బరిడొక్కలు. మత్తాయి ఏదో అనబోయాడు. "నువ్వాగు!" అంది ఏలీకుట్టి.

పండుగ రానే వచ్చింది. డప్పులు, బాణాసంచా, నల్ల పడవలో గుర్రం మీద పునీతుడు, పక్కన ఫాదరుగారు, ఇటుపక్క పట్టుగొడుగుతో తెయ్యామ్మ, వెనక బల్ల కింద ఎంత అదిలించినా దిగని కైసర్. ఏలీకుట్టి రేవు ముందుకు రాగానే, "నెమ్మదిగా వెయ్యండయ్యా... ఇంకా నెమ్మదిగా... ఆపండి కాసేపు," అంది. ఆగిన పడవ అక్కడే దిగడం మొదలుపెట్టింది.

ముందు కాళ్ళు చల్లబడ్డాయి. పునీతుడి దీవెన అనుకుంది తెయ్యామ్మ. తర్వాత చాప తేలింది.

"తోడవయ్యా, తోడు!"

ఔసేపు చిప్ప అందుకున్నాడు. "ఇదెందుకు అరిగిందో ఇప్పుడు తెలిసిందే."

"తెయ్యామ్మా," అన్నారు ఫాదరుగారు, "గుర్రం నీళ్ళు తాగుతోంది."

పసుపు పడవ దూసుకొచ్చింది. "పునీతుణ్ణి ఇటివ్వు!" అని ఏలీకుట్టి చేతులు చాపింది.

"ఇవ్వనక్కా! మునిగినా నా పడవలోనే!"

ఫాదరుగారు విగ్రహాన్ని ఆ పడవలోకి అందించి తానూ ఎక్కారు. గుర్రం తోక పట్టుకుని తెయ్యామ్మ కూడా దూకింది. దూకి వెనక పలకమీద కూర్చోగానే, ఆమె చెయ్యి ఆమెతో చెప్పకుండా పలక కిందికి పోయింది. ఎప్పటి చోటే. అక్కడినుంచి నీళ్ళు బుసబుసమని వస్తున్నాయి, వాటితోపాటు ఎర్రగళ్ళ గుడ్డ ఒకటి తేలి వచ్చింది.

నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ ఔసేపు దాన్ని అందుకుని తిప్పి చూశాడు. "ఇది నా లుంగీ. ఎంత వెతికానే దీనికోసం!"

"అయితే ఇది నీ పాత పడవా?" ఏలీకుట్టి అరిచింది.

తెయ్యామ్మ వెనక్కి తిరిగింది. నల్ల పడవ ముక్కు ఒక్కటే నీళ్ళమీద ఉంది. మైనం ఊడి చిల్లులు బయటపడ్డాయి, నక్షత్రం ఉండాల్సిన చోటే. వెనక బల్ల మునిగిన చోట కైసర్ తలొక్కటే కనిపిస్తోంది. నీళ్ళు గడ్డం దాకా వస్తే గాని అది లేవలేదు, అలవాటైన పడవ కదా.

"మా కుక్క గుర్తుపట్టింది, నువ్వు గుర్తుపట్టలేకపోయావటే?" అంది ఏలీకుట్టి, మోకాలిదాకా మునిగిపోతూ.

ఆ యేడు పునీతుడు అన్నదమ్ముల భుజాలమీద గట్టువారగా కాలవలో నడిచి వెళ్ళాడు. ఎన్నాళ్ళకో అన్నదమ్ములిద్దరూ ఒక మాట మాట్లాడుకున్నారు, "అటు పట్టు," అని. వెనకాల నడుంలోతు నీళ్ళలో తోటికోడళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద, ఒకరినొకరు తిట్టుకుంటూ నడిచారు. మర్నాడు రెండు పడవలూ పైకి లాగి, ఎవరిది వాళ్ళు తీసేసుకున్నారు. ఎక్కడ కారుతుందో తెలిసిన పడవే నయమనుకున్నారు.

ఈ కథ గుర్తుంచుకోండమ్మా. పాత పడవ కొనబోయేవాళ్ళు కనిపిస్తే చెప్పండి. నూనె కింద చెక్కను చూడమనండి, చిప్ప అరుగుదల చూడమనండి, ఏ కుక్కైనా వచ్చి పడుకుంటే అది ఎవరి కుక్కో అడగమనండి. చెప్పేటప్పుడు పాప్పి పేరు మాత్రం మార్చండి. మొన్ననే మావాళ్ళు అతని మనవడి దగ్గర పడవ తీసుకున్నారు.