బాపట్ల నుంచి కమాను

ఆ ఉదయం రేపల్లెలో బ్రహ్మాజీ చేతిలో ఉన్నవి ఇవి: ఒక పాత వ్యాను, దాని నిండా ఐసు పెట్టెల్లో రొయ్యలు, వయొలిన్ వాయించే కూతురు హిమబిందు. వ్యాను తెనాలి మార్కెట్టుకు వెళ్ళాలి. కూతురు తెనాలిలోనే పోటీకి వెళ్ళాలి. అది దేశదేశాల కుర్రకారు పాల్గొనే శాస్త్రీయ సంగీత పోటీ. ఇక్కడి విడత తెనాలి హాల్లో, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. గెలిచిన ఒక్కరే విదేశంలో జరిగే చివరి పోటీకి వెళతారు. ఒకే డీజిలు మీద రెండు పనులూ అవుతాయి కనుక భార్య గంగరత్నాన్నీ కూతుర్నీ డ్రైవరు పున్నయ్య పక్కన ఎక్కించి, తాను హోటలువాళ్ళతో బేరం చూసుకోవడానికి బాపట్ల బస్సెక్కాడు.

బాపట్లలో దిగీ దిగగానే గంగరత్నం ఫోను.

"ఏవండీ, కమాను విరిగిపోయింది!"

"ఎక్కడ?"

"జంపని దాటాక. గతుకులో ఒక్క కుదుపు కుదిపాడు పున్నయ్య. ఐసు పెట్టె మీదకొచ్చి పడింది. ఫట్‌మని రెండు ముక్కలు. పిల్ల ఒకటే ఏడుపు."

వ్యాను చక్రాల మీద ఉండే కమాను కట్ట విరిగితే బండి నేలకు కూలబడుతుంది, రొయ్యలు కుళ్ళిపోతాయి. సరుకు కోసం కన్నీళ్ళు పెట్టుకునే కూతురు పుట్టినందుకు బ్రహ్మాజీకి కష్టంలోనూ కాస్త గర్వం కలిగింది.

"వెల్డింగు పెట్టిస్తే ఆగదా?"

"పిల్ల అట్టా ఉంటే మీకు వేళాకోళంగా ఉందా? బాపట్లలో దొరికితే ఒకటి పట్టుకురండి."

"దొరక్కేం? ఇక్కడ గుట్టలున్నయ్యి."

"గుట్టలా! అమ్మయ్య. పోనీ, పక్కన చాలామంది ఉన్నారు, ఎవర్నన్నా అడగమంటారా?"

పక్కన ఉండేది ఇంకెవరు, చేపల వ్యాన్లవాళ్ళు. "పోటీవాళ్ళనా? పొరపాటున కూడా నోరెత్తకు. మన అవసరం కనిపెడితే నెత్తికెక్కుతారు."

"మేం హాలు దగ్గరున్నాం. స్టేజీ వెనక గుమ్మానికి తెచ్చెయ్యండి."

బండిని హాలుదాకా ఎలాగో లాక్కొచ్చారన్నమాట. పున్నయ్యకు ఫోను చేస్తే ఎత్తలేదు. వ్యాను కింద దూరి ఉంటాడు పాపం, అనుకున్నాడు. ఆ సమయానికి పున్నయ్య తెనాలి మార్కెట్టులో రొయ్యలు తూకం వేయిస్తూ, ఆ గోలలో ఫోను సంగతే మరిచి ఉన్నాడు.

పాత ఇనుప సామాన్ల కొట్టు ఆదాము, కమాను కట్టను గోనెపట్టాలో చుట్టి తన మోటారు సైకిలుకు అడ్డంగా కట్టాడు. "నువ్వు వెనక కూర్చుని పట్టుకో బ్రహ్మాజీ. జారిందంటే ఒకడి కాలు పోద్ది."

హాల్లో గంగరత్నం, పిల్ల నాన్న బాపట్ల నుంచి కమాను తెస్తున్నారని నిర్వాహకులకు చెప్పింది. వాళ్ళు హిమబిందు వంతు ఆఖరికి మార్చారు. టీవీ వ్యాఖ్యాత మోహనకృష్ణకు అంతకంటే ఏం కావాలి? కూతురి కోసం కమానుతో బయల్దేరిన తండ్రి ఎక్కడిదాకా వచ్చాడో పాట పాటకీ మధ్య చెప్పసాగాడు.

చుండూరు టీకొట్టు దగ్గర ఆగేసరికి జనం మూగారు.

"కమాను తెస్తోంది మీరేనా బాబాయ్? టీవీలో ఒకటే చెప్తున్నారు!"

జంపని గతుకుల గురించి టీవీవాళ్ళు ఇన్నాళ్ళకైనా పట్టించుకున్నారని బ్రహ్మాజీ సంతోషించాడు.

ఒక ముసలామె గోనె మూటను తడిమింది. "ఇంత బరువుంటదా నాయనా?"

"ఇది చిన్నదే పెద్దమ్మా. లారీదైతే ఇద్దరు మొయ్యాలి."

"అంత చిన్నపిల్ల ఎట్టా ఎత్తుద్దో ఏమో," అంటూ ఆమె దణ్ణం పెట్టింది.

హాలు వెనక గుమ్మం దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ని రెక్క పుచ్చుకుని, వెలుతుర్లోకి, కెమెరాల ముందుకి తోసేశారు. చప్పట్లు. బ్రహ్మాజీ మూట దించి విప్పాడు. గ్రీజు కారుతున్న ఇనుప పట్టీలు వేదిక మీద ఖంగుమని మోగాయి.

"ఇదేంటండి?" అన్నాడు మోహనకృష్ణ.

"కమాను. వెనక చక్రానిది. బండెక్కడ?"

ఎదురుగా హిమబిందు నిలబడి ఉంది. ఒక చేతిలో వయొలిన్, ఇంకో చేతిలో వయొలిన్ మీద లాగే కమాను, విరిగి రెండు ముక్కలుగా. బ్రహ్మాజీకి అప్పుడు అర్థమైంది. ఇంట్లో రోజూ చూసేదే. ఆయన దాన్ని పుల్ల అనేవాడు. 'ఆ పుల్ల పక్కన పెట్టి అన్నం తిను' అనేవాడు. దాని పేరేంటని ఎన్నడూ అడగలేదు.

పొద్దుటి నుంచి ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. ఆ వెనక హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే తెర పక్క నుంచి బాపట్ల అమ్మాయి ఫ్లోరెన్స్ వచ్చి తన కమాను చాచింది. అప్పటిదాకా అందరికన్నా బాగా వాయించింది ఆ పిల్లే.

"ఇంద అక్కా, దీంతో వాయించు."

బ్రహ్మాజీకి మతిపోయింది. చేపల మార్కెట్టులో బేరం జోరుగా ఉన్నప్పుడు ఒకడి కాటా ఇంకొకడికి ఇచ్చిన సంగతి ఆయన ఎరగడు. పక్కకు జరిగి మెల్లగా అడిగాడు, "నీకు నష్టం కాదామ్మా?"

"అక్క వాయిస్తే నేను వాయించింది పోద్దా అంకుల్? అడిగితే పొద్దున్నే ఇచ్చేదాన్నండి. ఎవరూ అడగలేదు."

గంగరత్నం మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. బ్రహ్మాజీ గ్రీజు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

హిమబిందు వాయించింది. ఆయనకు రాగాలు తెలియవు. ఆ చెయ్యి మాత్రం చూశాడు. అరువు తెచ్చిన కమాను అన్న జంకు ఆ చేతిలో ఎక్కడా లేదు. ఏడ్చింది రొయ్యల కోసం కాదని, దీని కోసమని తెలిసి, ఆయన తలవంచుకుని విన్నాడు.

మొదటి స్థానం ఫ్లోరెన్స్‌ది. విదేశం వెళ్ళేది ఆ పిల్లే. హిమబిందుది రెండోది. ఒకే కమాను రెండు స్థానాలూ గెలిచింది.

ఆదాము ఇనుము వెనక్కి తీసుకోనన్నాడు. "టీవీకెక్కిన సరుకు, నీ దగ్గరే ఉండనీ."

రేపల్లె తిరుగు దారిలో బ్రహ్మాజీ మనసులోనే లెక్క కట్టాడు. హోటలు బేరం పోయింది. పరువు ప్రత్యక్ష ప్రసారంలో పోయింది. అన్నీ పోను నికరంగా మిగిలింది, కూతురి చేతిలోని వస్తువు పేరు. దాంతోపాటు కాస్త పాత ఇనుము.